బెజవాడ ఎండలో థర్మోకోల్ సర్ఫ్‌బోర్డు తయారీ

సముద్రం బాపట్ల దాటాక సూర్యలంకలోనో, బందరు దాటాక మంగినపూడిలోనో ఉన్నప్పటికీ, అలల మీద నిలబడి జారే సర్ఫ్‌బోర్డు తయారీకి కావలసిన సరుకులో ఎక్కువ భాగం విజయవాడ, గుంటూరు బజార్లలోనే దొరుకుతుంది. థర్మోకోల్ దిమ్మ, గుడ్డకు పట్టిస్తే గట్టిపడే ఎపాక్సీ రెజిన్ అనే ద్రవం, గాజు నేత గుడ్డ, పలుచని ప్లైవుడ్, గాలి ఆడే ఒక గది, నాలుగైదు వారాంతాల తీరిక ఉంటే మొదటి బోర్డు సిద్ధమవుతుంది. చెక్కను చిత్రిక పట్టడం, గరుకు కాగితంతో రుద్దడం కొద్దిగా అలవాటు ఉన్నవారు ఎవరైనా దీనిని చేయవచ్చు. అయితే చేతి పనితనం కన్నా రెండు నిర్ణయాలు ఫలితాన్ని తేలుస్తాయి: ఏ రెజిన్ కొన్నాము, రోజులో ఏ వేళ దానిని గుడ్డకు పట్టించాము. ఈ పనిని చూపించే వీడియోలలో చాలా భాగం 20 డిగ్రీల చల్లని గదుల్లో తీసినవి. అందులో చెప్పిన సమయాలను రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో పాటించబోతే రెజిన్ గుడ్డ మీదికి చేరకముందే గిన్నెలో గడ్డకడుతుంది. మన ఊళ్లలో ఈ పనికి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం.

ఏ బోర్డు, ఎంత కొలత

మొదటి బోర్డు పొట్టిగా, పలుచగా, చురుకుగా ఉండాలని కోరుకోవడం సహజమే గాని, మన తీరంలో మామూలు రోజుల్లో వచ్చే అలలు చిన్నవి, బలం తక్కువైనవి. వాటిని అందుకోవాలంటే నీటి మీద బాగా తేలే, వెడల్పయిన బోర్డు కావాలి. సుమారు 70 కిలోల బరువున్న కొత్తవారికి 7 అడుగుల 8 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, నడుమ 3 అంగుళాల మందం సరిపోతాయి; ఆ కొలతలకు బోర్డు ఘనపరిమాణం 60 లీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. 8 అడుగులు దాటించకపోవడానికి మరో కారణం కూడా ఉంది. ప్లైవుడ్ షీటు పొడవు 8 అడుగులే కనుక, బోర్డు నడుమ నిలువునా దించే బద్దను అతుకు లేకుండా ఒకే ముక్కలో కోసుకోవచ్చు. అపార్టుమెంటులో ఉండేవారు పని మొదలుపెట్టే ముందే మెట్ల మలుపులో ఆ పొడవు తిరుగుతుందో లేదో ఒక పైపు పట్టుకుని చూసుకోవడం మంచిది. లిఫ్టులో అది పట్టదు.

మిగిలిన కొలతలు ఇవి. ముక్కు కొన నుంచి 12 అంగుళాల లోపలికి వెడల్పు 16 అంగుళాలు, తోక కొన నుంచి అంతే దూరంలో 15.5 అంగుళాలు ఉండాలి. ముక్కు నేల నుంచి 4 అంగుళాలు, తోక 2 అంగుళాలు పైకి లేవాలి. ముక్కు వంపు ఇంతకన్నా తగ్గితే అల దిగేటప్పుడు అది నీటిలో గుచ్చుకుంటుంది. మరీ పెరిగితే బోర్డు ముందుకు పోకుండా నీటిని నెట్టుకుంటూ ఉంటుంది.

గాలిపటంతో లాగించుకునే కైట్‌బోర్డు చేయాలనుకునేవారు ఒక తేడా గమనించాలి. ఆ బోర్డు పొడవు సుమారు 135 సెంటీమీటర్లే, మందం అంగుళం కూడా ఉండదు. పాదాల పట్టీల మరలు లాగే బలాన్ని మామూలు థర్మోకోల్ తట్టుకోలేదు. దానికి తేలికపాటి కలపను గాని, ఘనపు మీటరుకు 60 నుంచి 80 కిలోల సాంద్రత ఉన్న పీవీసీ ఫోమ్‌ను గాని వాడతారు. ఫ్లెక్సీ దుకాణాల్లో దొరికే సన్‌బోర్డు కూడా పీవీసీయే అయినా అది అంతకు ఎన్నో రెట్లు బరువు, కనుక పనికిరాదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా సర్ఫ్‌బోర్డు గురించే.

దిమ్మ ఎంపిక

టీవీ పెట్టెలో వచ్చే థర్మోకోల్‌ను వేలితో నొక్కితే గుంట పడుతుంది. అలాంటి దిమ్మతో చేసిన బోర్డు మీద నిలబడితే మడమ కింద గాజు పొర కుంగి పగులుతుంది. మనకు కావలసినది ఘనపు మీటరుకు 25 నుంచి 30 కిలోల సాంద్రత ఉన్న దిమ్మ. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలు ఎన్నో ఉన్నందున, వాటి గోడలకు, పైకప్పులకు వాడే థర్మోకోల్‌ను సరఫరా చేసే వ్యాపారులు ఇక్కడ కొత్త కాదు. వారికి సాంద్రత భాష తెలుసు. ఉష్ణనిరోధక థర్మోకోల్‌కు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 4671 కూడా సరుకును 15, 20, 25, 30, 35 అంటూ సాంద్రతను బట్టే వర్గీకరిస్తుంది. దుకాణంలో ‘గట్టిది ఇవ్వండి’ అని అడిగితే ఏదో ఒకటి చేతికి వస్తుంది. ‘25 డెన్సిటీ, 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 6 అంగుళాల మందం, ఒకే దిమ్మ’ అని చెప్పాలి. బోర్డు మందం 3 అంగుళాలే అయినా, ముక్కు 4 అంగుళాలు పైకి లేస్తుంది కనుక ఆ వంపు అంతా దిమ్మలో ఇమడాలంటే 6 అంగుళాలు తప్పనిసరి. తెచ్చిన వెంటనే ఒక ముక్కను తూచి సాంద్రతను సరిచూసుకోవచ్చు: అడుగు పొడవు, అడుగు వెడల్పు, 6 అంగుళాల మందం ఉన్న ముక్క 25 డెన్సిటీ అయితే సుమారు 350 గ్రాములు తూగుతుంది. దిమ్మను విరిచిన చోట గుళ్లు, అంటే థర్మోకోల్‌లోని తెల్లని పూసలు, చీలితే మంచి దిమ్మ, గుళ్లు విడివిడిగా రాలిపోతే అది సరిగా అతుక్కోని సరుకు.

రెజిన్ దగ్గర పొరపాటు వద్దు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు, బస్సు బాడీలకు ఫైబర్ పని చేసేవారు వాడేది దాదాపుగా పాలిస్టర్ రెజిన్. అక్కడి దుకాణంలో ‘ఫైబర్ రెజిన్’ అని అడిగితే అదే ఇస్తారు, దానితో పాటు కోబాల్ట్ ద్రావణాన్ని, రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్‌ను, కత్తిరించిన నూలు పోగుల్లా కనిపించే గాజు మ్యాట్‌ను కూడా కడతారు. వాటిలో ఏదీ మన పనికి రాదు. పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది. అది థర్మోకోల్‌ను కరిగిస్తుంది. నమ్మకం కలగకపోతే ఒక చిన్న ముక్క మీద నాలుగు చుక్కలు వేసి చూడవచ్చు: నిమిషాల్లో అక్కడ గుంట ఏర్పడి, అడుగున జిగట మిగులుతుంది. పెట్రోలు, థిన్నర్, అసిటోన్, సోఫాల పనిలో వాడే రబ్బరు జిగురు, డబ్బాలో వచ్చే స్ప్రే పెయింటు కూడా అదే పని చేస్తాయి. మరో రకం ఫోమ్ అయిన పాలియురేథేన్ దిమ్మలకు మాత్రమే పాలిస్టర్ పొసగుతుంది. సర్ఫ్ ప్రపంచంలో ఆ దిమ్మలదే దశాబ్దాల పాటు రాజ్యంగా ఉండేది. 2005 డిసెంబరు 5న ఆ దిమ్మలను తయారుచేసే అమెరికాలోని క్లార్క్ ఫోమ్ సంస్థ ఉన్నట్టుండి మూతపడిన తరువాతే థర్మోకోల్, ఎపాక్సీ జంట వైపు పెద్ద తయారీదారులు గట్టిగా మొగ్గారు.

ఎపాక్సీ తెచ్చుకునేటప్పుడు గుడ్డను తడిపే పనికి ఉద్దేశించిన పలుచని రకాన్ని అడగాలి. పలకలు అతికించే చిక్కని ఎపాక్సీ గుడ్డలోకి ఇంకదు. మన ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో చాలామందికి పరిచయమైన ఎల్‌వై 556 రెజిన్, హెచ్‌వై 951 హార్డెనర్ జంట కూడా ఈ పనికి వస్తుంది. బరువు లెక్కన 100 భాగాల రెజిన్‌కు 10 భాగాల హార్డెనర్ కలపాలి. ఇతర రకాల నిష్పత్తి వేరుగా ఉంటుంది కనుక డబ్బా మీద రాసినదే ప్రమాణం. అంచనాతో పోయకుండా, గ్రాము దాకా చూపించే ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి కలపాలి. పాలిస్టర్‌తో పని చేసిన మేస్త్రీలు ‘హార్డెనర్ ఇంకొంచెం పోస్తే తొందరగా గట్టిపడుతుంది’ అంటారు. ఎపాక్సీ విషయంలో ఆ మాట చెల్లదు; నిష్పత్తి తప్పితే అది ఎన్ని రోజులైనా మెత్తగా, జిగటగానే ఉండిపోతుంది.

గాజు గుడ్డ చదరపు మీటరుకు 200 గ్రాముల నేత గుడ్డ అయి ఉండాలి. మ్యాట్‌లోని పోగులను పట్టి ఉంచే బంధకం స్టైరీన్‌లో కరిగేలా చేసినది కనుక ఎపాక్సీతో అది సరిగా ఒదగదు, పైగా రెజిన్‌ను విపరీతంగా తాగి బోర్డును బరువెక్కిస్తుంది. అడుగున ఒక పొర, పైన రెండు పొరలు వేయడానికి అంచుల మడతలతో కలిపి సుమారు 5 చదరపు మీటర్ల గుడ్డ, మొత్తం పనికి 2.5 కిలోల ఎపాక్సీ కావాలి. అన్నీ సవ్యంగా జరిగితే పూర్తయిన బోర్డు 5 నుంచి 6 కిలోలు తూగుతుంది.

ఎపాక్సీ చర్మానికి తగలకూడదు. ఒకసారి దానికి అలర్జీ మొదలైతే అది జీవితాంతం వెన్నాడుతుంది. నైట్రైల్ తొడుగులు రెండు జతలు దగ్గర పెట్టుకోవాలి, ఒంటికి అంటితే సబ్బుతో కడగాలి. థిన్నర్‌తో తుడిస్తే రెజిన్ చర్మంలోకి మరింతగా ఇంకుతుంది.

కోత, అతుకు

దిమ్మను వంపుగా కోయడానికి వేడి తీగ కన్నా మేలైన సాధనం లేదు. హీటర్లు బాగుచేసే దుకాణాల్లో నిక్రోమ్ తీగ దొరుకుతుంది. రెండున్నర అడుగుల వెడల్పున్న విల్లు లాంటి చెక్క చట్రానికి ఆ తీగను బిగించి, 12 వోల్టుల కారు బ్యాటరీకి కలిపితే సరిపోతుంది. ఇంటి కరెంటుకు నేరుగా కలపడం ప్రాణాంతకం. తీగ ఎర్రగా మెరవకూడదు. మెరిస్తే అది ముట్టకముందే థర్మోకోల్ కరిగి కోత వెడల్పవుతుంది. తగిన వేడిలో కోత చోట సన్నని బూజు లాంటి దారాలు సాగుతాయి, చట్రం తన బరువుకే నిదానంగా కిందికి దిగుతుంది. కోసేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు కనుక కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి పొగను బయటికి తోసేలా పెట్టుకోవాలి.

బోర్డును పక్క నుంచి చూస్తే కనిపించే ఆకారాన్ని, అంటే ముక్కు వంపు, తోక వంపు, మందాల తేడా అంతటినీ 4 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ మీద గీసి మూడు నకళ్లు కోయాలి. ప్లై మీద మెరైన్ ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకోవాలి. గీత సాఫీగా రావడానికి కొలత చుక్కల దగ్గర మేకులు దించి, వైరింగుకు వాడే సన్నని పీవీసీ పైపును వాటి వెంట వంచి, దాని పక్కన పెన్సిలు నడపాలి. రెండు నకళ్లను దిమ్మకు చెరో పక్క, ఒకే ఎత్తులో మేకులతో గుచ్చి, రసమట్టంతో సరిచూసి, ఇద్దరు మనుషులు చట్రాన్ని చెరో కొస పట్టుకుని వాటి అంచుల మీదుగా తీగను నడిపించాలి. ఇద్దరూ ఒకే వేగంతో కదలడం ముఖ్యం. అందుకు నకళ్ల మీద ముందే ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసుకుని, అంకె దాటినప్పుడల్లా బిగ్గరగా చెప్పుకోవడం మంచి అలవాటు. తీగను మధ్యలో ఆపితే ఆగిన చోట గాడి పడుతుంది.

మూడవ నకలే బోర్డు నడుమ నిలిచే బద్ద. దిమ్మను నిలువునా సరిగ్గా సగానికి కోసి, బద్దను మధ్యలో పెట్టి, ఎపాక్సీలో మైక్రో బెలూన్ పొడి (లోపల డొల్లగా ఉండే అతి సన్నని గుండ్ల తేలికపాటి పొడి) కలిపిన ముద్దతో అతికించాలి. కొండపల్లి బొమ్మల కళాకారులు చింతగింజల పొడితో, రంపపు పొట్టుతో చేసే మక్కు ఎలా ఉంటుందో, ఈ ముద్ద అంత చిక్కగా ఉండాలి; గరిటె నుంచి జారిపోకూడదు. తెల్ల ఫెవికాల్ థర్మోకోల్‌ను కరిగించదు గాని, దిమ్మ లోపల గాలి తగలక రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. అతికించాక సైకిలు ట్యూబు పట్టీలతో చుట్టి బిగించి, ముక్కు నుంచి తోక దాకా పురికొస లాగి బద్ద మెలిక తిరగలేదని నిర్ధారించుకున్న తరువాతే ఆరనివ్వాలి. ఇక్కడ పడిన మెలికను తరువాత ఏ చెక్కుడూ సరిచేయలేదు.

చెక్కడం

పైనుంచి కనిపించే ఆకారానికి సగం నమూనాను మాత్రమే చార్టు అట్ట మీద కోసి, దానినే బద్దకు రెండు వైపులా తిప్పి గీస్తే కుడి ఎడమలు ఒకేలా వస్తాయి. గీతకు పావు అంగుళం బయట సన్నపళ్ల రంపంతో కోసి, మిగిలినది రెండడుగుల చదును చెక్కకు 60 నంబరు గరుకు కాగితం చుట్టి రుద్దాలి. చేతిలో ముడిచిన కాగితంతో రుద్దితే మెత్తని చోట లోతుగా, గట్టి చోట ఎత్తుగా మిగిలి, అంచు అంతా అలలు తిరుగుతుంది.

చెక్కే గదిలో వెలుతురు గురించి కొంత వివరంగా చెప్పాలి. నెత్తిన వెలిగే బల్బు కింద తెల్లని థర్మోకోల్ అంతా చదునుగానే కనిపిస్తుంది. పై దీపం ఆర్పేసి, నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబులు రెండింటిని బోర్డుకు అటొకటి ఇటొకటి, సరిగ్గా బోర్డు ఎత్తులోనే గోడకు బిగించాలి. అప్పుడు వెలుతురు ఏటవాలుగా పడి, వేలికి కూడా తెలియని చిన్న మిట్ట పక్కన నీడ గీత కనిపిస్తుంది. పెన్సిలుతో ఆ నీడను గుర్తించి, గుర్తు చెరిగేదాకా రుద్ది, బోర్డును తిప్పి రెండో వైపు నుంచి మళ్లీ చూడాలి. చెక్కే పనిని రాత్రి పూట పెట్టుకోవడానికి ఇదే కారణం.

అడుగుభాగాన్ని ముందు పూర్తి చేయాలి. మొదటి బోర్డుకు అది అడ్డంగా చదునుగా ఉంటే చాలు. చివరి అడుగున్నరలో మాత్రం బద్ద నుంచి అంచులకు కొద్దిపాటి వాలు ఇవ్వవచ్చు. నడిమి బద్ద ఈ దశలో తరచు ఇబ్బంది పెడుతుంది. ప్లై గట్టిది, థర్మోకోల్ మెత్తనిది కనుక కాగితం రెండు పక్కలా మెత్తనిదానినే తినేసి, బద్దను గట్టులా పైకి నిలబెడుతుంది. దానిని కాగితంతో తగ్గించాలని చూడకుండా, పదునైన చిన్న రందాతో బద్దను ముందుగా తీసి, తరువాతే పక్కలను దానికి సమానంగా దించాలి.

అంచులను గుండ్రంగా తేవడానికి నేరుగా గుండ్రంగా రుద్దకూడదు. అంచు మూలను ముక్కు నుంచి తోక దాకా ఒకే వెడల్పు పట్టీగా 45 డిగ్రీలకు కోసి, ఆ పట్టీకి రెండు వైపులా ఏర్పడిన కొత్త మూలలను మళ్లీ సన్నని పట్టీలుగా తీసి, చివరికి 120 నంబరు కాగితంతో కలిపేయాలి. ముందు సగంలో అంచు గుండ్రంగా, మెత్తగా ఉండాలి; తోక దగ్గరి 14 అంగుళాలలో అడుగు మూల పదునుగా నిలవాలి. అక్కడ గుండ్రంగా వదిలేస్తే నీరు అంచును చుట్టుకుని పైకి పాకి బోర్డును వెనక్కి లాగుతుంది. రెండు అంచులూ ఒకేలా వచ్చాయో లేదో చూడటానికి కళ్లు మూసుకుని రెండు అరచేతులను ఒకేసారి ముక్కు నుంచి తోకకు నడిపించడం నాకు కొలబద్ద కన్నా నమ్మకమైన పద్ధతిగా తోస్తుంది.

ఈ పనిలో రాలే తెల్లని పూసలు గాలికి ఎగిరి పక్కింటి తులసికోటలోకి, అక్కడి నుంచి బందరు కాలువలోకి చేరతాయి. గది తలుపుకు తడి దుప్పటి కట్టి, ప్రతి పూట చివర వాక్యూమ్ క్లీనర్‌తో ఎత్తి, మూటకట్టి చెత్తబండికి ఇవ్వడం కనీస మర్యాద. పని చేసేవారు ఎన్95 మాస్కు వేసుకోవాలి.

గాజు గుడ్డ పరచడం

గుళ్ల మధ్య సందులను ముందుగా మూయకపోతే రెజిన్ అంతా దిమ్మలోకి ఇంకిపోతుంది. ఎపాక్సీలో మైక్రో బెలూన్ పొడి కలిపి పలుచని పేస్టుగా చేసి, పుట్టీ బ్లేడుతో గీకుతూ సందులలోకి నింపాలి. ఉపరితలం మీద పొరలా మిగలకూడదు. తెల్ల సిమెంటుతో చేసిన గోడ పుట్టీ బరువు ఎక్కువ, పట్టు తక్కువ.

ఇక వేళ సంగతి. థర్మోకోల్‌లో 98 శాతం దాకా గాలే. ఉదయం పూట గది వేడెక్కుతున్నకొద్దీ ఆ గాలి వ్యాకోచించి, తడి రెజిన్‌ను తోసుకుని బుడగలుగా పైకి వస్తుంది. సాయంత్రం చల్లబడే వేళ గాలి కుంచించుకుని రెజిన్‌ను తన వైపు లాక్కుంటుంది. అందువల్ల బోర్డును పగలంతా అదే గదిలో ఉంచి, సూర్యాస్తమయం తరువాత, ఉష్ణోగ్రత దిగడం మొదలయ్యాక గుడ్డ పరచాలి. చలికాలమైతే గది 25 డిగ్రీలకు దిగుతుంది. అది ఎపాక్సీకి హాయైన వేడి. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు రెజిన్ గట్టిపడే సమయం ఇంచుమించు సగానికి తగ్గుతుందని గుర్తుంచుకుంటే, 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే మిశ్రమం ఏప్రిల్ రాత్రి 35 డిగ్రీల గదిలో పావుగంటకే మొండికేస్తుందని లెక్క తేలుతుంది. వేసవిలో తప్పనిసరి అయితే ఏసీ గది కావాలి.

ఒకసారికి 250 గ్రాములకు మించి కలపకూడదు. కలిపిన రెజిన్ లోతైన కప్పులో ఉంటే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. కలపడం పూర్తయిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయాలి, లేదా నేరుగా బోర్డు మీద ఒంపాలి.

అడుగుభాగంతో మొదలుపెట్టాలి. గుడ్డను అంచులు దాటి రెండంగుళాలు వేలాడేలా కత్తిరించి, ముక్కు, తోక వంపుల దగ్గర త్రికోణపు చీలికలు ఇచ్చి, ముడతలు లేకుండా అరచేత్తో సర్దాలి. రెజిన్‌ను బద్ద పొడవునా ధారగా పోసి, రబ్బరు పలకతో నడుమ నుంచి అంచులకు నెమ్మదిగా తోయాలి. ఈ దశలో బలంగా నొక్కితే గాలి చేరి రెజిన్ నురగ అవుతుంది. రెండు మూడు నిమిషాలు ఇంకనిచ్చి, అప్పుడు పలకను కొంచెం గట్టిగా పట్టి మిగులును లాగేయాలి. గుడ్డ సరిగా తడిసిందని చెప్పే గుర్తు ఒకటుంది: బోర్డు మీద ముందు గీసిన పెన్సిలు గీతలు గుడ్డ కింద నుంచి అద్దంలోంచి చూసినట్టు స్పష్టంగా కనిపించాలి. గీత మసకగా ఉన్న చోట గుడ్డ ఇంకా పొడిగా ఉంది. గీత స్పష్టంగా ఉండి, గుడ్డ నేత కనిపించకుండా పైన మెరుపు నిలిచి ఉంటే రెజిన్ ఎక్కువైంది. అక్కడ గుడ్డ తేలుతున్నట్టే. నేత గళ్లు వేలికి తగులుతూ, గీత స్పష్టంగా కనిపించే స్థితి సరైనది. గుడ్డ బరువుకు రెజిన్ బరువు దాదాపు సమానంగా ఉండాలి కనుక, ముందే గుడ్డను తూచి ఆ లెక్కకు కొంచెం అదనంగా మాత్రమే కలుపుకోవాలి.

వేలాడే అంచును పైభాగం వైపు మడిచి అతికించి, తెల్లవారేదాకా కదపకూడదు. డాబా మీద రేకుల షెడ్డులో పనిచేస్తే తెల్లవారుజామున మంచు కురుస్తుంది కనుక, బోర్డుకు పైన అడుగు ఎత్తులో ప్లాస్టిక్ పట్టా కట్టాలి. తేమ తగిలిన ఎపాక్సీ మీద నూనె రాసినట్టు జిడ్డు పొర తేలుతుంది. దాని మీద తరువాతి పూత పట్టదు, గరుకు కాగితం కూడా వెంటనే మూసుకుపోతుంది. గిన్నెలు తోమే పీచుతో, మంచినీళ్లతో కడిగి ఆరనిస్తే జిడ్డు పోతుంది.

మరునాడు మడత అంచులను కాగితంతో సాపు చేసి, సాయంత్రం పైభాగానికి రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పరచి ఒకేసారి తడపాలి. ఆ తరువాతి రోజు ప్రతి వైపునా, రెండు విడతలుగా కలుపుకున్న 300 గ్రాముల రెజిన్‌తో నేత మూసుకునే పూత వేయాలి. తోక దగ్గర అడుగు మూల పదును నిలవాలంటే, ఈ పూత వేసేటప్పుడు అక్కడ మాస్కింగ్ టేపును పావు అంగుళం పైకి గోడలా నిలబెట్టి, రెజిన్ జారకుండా ఆపి, గట్టిపడ్డాక దానిని చదునుగా రుద్దాలి.

ఫిన్లు, కాలి తాడు

ఫిన్లు అంటే బోర్డు అడుగున తోక దగ్గర నిలిచే రెక్కలు. వాటిని బిగించడానికి ఆన్‌లైన్‌లో దొరికే ఫిన్ పెట్టెలు పెట్టుకోవచ్చు గాని, మొదటి బోర్డుకు 6 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైతో ఫిన్లు చేసుకుని నేరుగా అతికించడమే చవక, దృఢం. నాలుగున్నర అంగుళాల ఎత్తు ఫిన్లు మూడు కోయాలి. నడిమి ఫిన్‌ను ముందు అంచు గుండ్రంగా, వెనుక అంచు పలుచగా, రెండు వైపులా సమానంగా రుద్దాలి. పక్క ఫిన్లకు లోపలి ముఖం చదునుగా ఉండాలి. రుద్దుతున్నప్పుడు ప్లై లోపలి పొరలు ఒక్కొక్కటిగా బయటపడి, పటంలో కొండల గీతల్లా వంకలు తిరుగుతాయి. ఆ గీతలు సాఫీగా, రెండు ముఖాల మీద ఒకేలా ఉంటే ఆకారం కుదిరినట్టు.

నడిమి ఫిన్ వెనుక అంచు తోక కొన నుంచి మూడున్నర అంగుళాల ముందు, పక్క ఫిన్ల వెనుక అంచు 11 అంగుళాల ముందు, బోర్డు అంచుకు అంగుళంపావు లోపల ఉండాలి. పక్క ఫిన్ల ముందు కొసలు పావు అంగుళం లోపలికి, బోర్డు ముక్కు వైపు తిరగాలి. నిలబెట్టి, ఫిన్ బోర్డును తాకే మూలలో మైక్రో బెలూన్ ముద్దతో గుండ్రటి పూత కట్టి, ఫిన్ మీద నుంచి బోర్డు మీదికి దిగేలా గుడ్డ ముక్కలు రెండేసి పొరలు వేయాలి.

కాలికి కట్టుకునే తాడును పట్టే గిన్నెను పైభాగంలో, తోకకు దగ్గరగా తొలిచి పెట్టాలి. ఆ గుంటలో రెజిన్‌ను ఒకేసారి నింపితే వేడికి చుట్టూ ఉన్న థర్మోకోల్ కుంగుతుంది, కనుక రెండు విడతలుగా పోయాలి. తాడు మాత్రం బోర్డు పొడవుకు తగినది కొనుక్కోవాలి. సైకిలు ట్యూబుతోనో, నైలాన్ తాడుతోనో చేసుకున్నది తెగిపోతుంది, లేదా సాగి బోర్డును ముఖం మీదికి విసురుతుంది.

పై పూత, ఎండ

ఎపాక్సీ ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది. దానికి కాపుగా కార్ల పెయింటు దుకాణంలో దొరికే, రెండు డబ్బాల్లోవి కలిపి వాడే పాలియురేథేన్ పూత వేయాలి. అందులోని థిన్నర్ సూదిమొనంత రంధ్రం దొరికినా లోపలికి దిగి థర్మోకోల్‌ను తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, వారం తరువాత వేలితో నొక్కితే అక్కడ డొల్ల తెలుస్తుంది. అందుకని పూతకు ముందు బోర్డును ట్యూబులైటు వెలుతురులో అంగుళం అంగుళం పరిశీలించి, చుక్కంత రంధ్రాన్ని కూడా ఎపాక్సీతో మూసి, పూర్తిగా గట్టిపడటానికి వారం రోజులు నీడలో ఉంచాలి. ఈ పూత ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. స్ప్రే చేయించదలిస్తే తగిన మాస్కు, బూత్ ఉన్న పెయింటరుకు అప్పగించాలి.

రంగు తెలుపే ఉండాలని నా గట్టి అభిప్రాయం. నల్లగానో, ముదురు నీలంగానో ఉంటే అందంగానే కనిపిస్తుంది గాని, మన ఎండలో అలాంటి బోర్డు లోపలి గాలి ఉబ్బి గాజు పొరను దిమ్మ నుంచి విడదీస్తుంది. తెల్ల బోర్డునైనా మూసిన కారులో, గుడ్డ కప్పకుండా కారు పైకప్పు మీద మధ్యాహ్నం వదిలేయకూడదు.

నిలబడటానికి పట్టు కోసం సర్ఫ్ మైనం వాడతారు. మన వేడికి అది కరిగి కారుతుంది. పాదాలు ఆనే మేర చివరి ఎపాక్సీ పూత తడిగా ఉండగానే సన్నని పంచదార చల్లి, గట్టిపడ్డాక నీటితో కడిగేస్తే చక్కని గరుకు మిగులుతుంది. అది పొట్టను గీరుతుంది కనుక చొక్కా వేసుకోవాలి.

నీటిలోకి

మొదటి పరీక్ష సముద్రంలో వద్దు. నీరు నిలకడగా ఉన్న చెరువులోనో, ఈత కొలనులోనో బోర్డును అదిమి పట్టి పది నిమిషాలు చూస్తే బుడగలు వచ్చే చోటు తెలుస్తుంది. ప్రకాశం బ్యారేజి ఎగువన కృష్ణ ఎంత నిశ్చలంగా కనిపించినా గేట్ల వైపు లాగే ప్రవాహం ఉంటుంది. అక్కడ ఈ ప్రయోగం చేయకూడదు. సూర్యలంకలో ఒడ్డు చూడటానికి సౌమ్యంగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాలకు ఏటా ప్రాణాలు పోతున్నాయి. ఈత బాగా వచ్చినవారు కూడా ఒంటరిగా దిగకుండా, అక్కడి పోలీసులు, జాలర్లు చెప్పే మాటను విని, నడుము లోతు దాటకుండా తెల్లని నురగ అలల్లోనే నేర్చుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం కబురు ఉన్న రోజుల్లో తీరానికే వెళ్లవద్దు.

వాడకంలో గాజు పొర పగిలితే వెంటనే నీటిలోంచి బయటికి తేవాలి. పగులును ఆ రోజుకు టేపుతో మూయవచ్చు గాని, ఇంటికి చేరాక టేపు పీకి, మంచినీటితో కడిగి, పగిలిన చోటు కిందికి ఉండేలా నీడలో నిలబెట్టి నీరు కారనివ్వాలి. దిమ్మ పూర్తిగా ఆరిందో లేదో తూచి చూస్తే తెలుస్తుంది: వరుసగా రెండు రోజులు బరువు మారకుంటే ఆరినట్టు. అప్పుడు చుట్టూ రెండంగుళాల మేర పూతను గీకి, గుంటను మైక్రో బెలూన్ ముద్దతో నింపి, సాయంత్రం వేళ ఒకదాని కన్నా ఒకటి పెద్దవైన రెండు గుడ్డ ముక్కలు వేసి ఎపాక్సీ పట్టించాలి. తడి ఉండగానే మూసేస్తే లోపల చిక్కిన నీరు ఎండకు ఆవిరై, ఆ అతుకునే మొదట పైకి లేపుతుంది.